ఆరుగురి ఇల్లు

మేట్రనమ్మ ఉద్యోగం వదిలి చాలా ఏళ్లయినా ఆ పేరు మాత్రం ఆమెను వదల్లేదు. పాలు పోసే మనిషి నుంచి బస్సు కండక్టరు దాకా అందరికీ ఆమె మేట్రనమ్మే. ముప్పై ఒక్క ఏళ్లు మానసిక వైద్యశాలలో పనిచేసింది. అందులో చివరి పన్నెండేళ్లు ఆడవాళ్ల దీర్ఘకాలిక వార్డు ఆమె చేతిలోనే ఉండేది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, ఆయాలు దుప్పట్ల ముడతలు సర్దేవాళ్లు. కొత్తగా వచ్చిన డాక్టర్లు ఆమె మొహం చూసి గాని మందు మార్చేవాళ్లు కాదు. చెల్లెలు మాత్రం ఎవరి ముందైనా సరే నవ్వుతూ అనేసేది: "మా అక్క పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. నాలుగోది కనబడితే తప్పు కుందేలుదే."

ఆ మాటకి మేట్రనమ్మ నొచ్చుకునేది కాదు. అలా పట్టు పట్టబట్టే కదా వార్డు నడిచింది అనుకునేది.

ఆ వార్డులో జబ్బు తగ్గిపోయినా బయటికి వెళ్లలేని ఆడవాళ్లు ఆరుగురు ఉండేవాళ్లు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మాత్ర వేసుకుంటే అందరిలాగే ఉంటారు. కానీ తీసుకెళ్లడానికి ఎవరూ రారు. ఇంటికి ఉత్తరం రాస్తే చిరునామా మారిందని వెనక్కి వచ్చేది. ఒకామెకు పదహారేళ్లు, మరొకామెకు ఇరవై రెండేళ్లు అక్కడే గడిచాయి. రిటైరయ్యే ముందు వారం మేట్రనమ్మ సూపరింటెండెంటు గదిలోకి వెళ్లింది.

"వీళ్లకి రోగం లేదు సార్. ఇల్లు లేదు, అంతే. ఇల్లు లేనివాళ్లని వార్డులో పెట్టుకుంటూ పోతే మనకి మంచాలు చాలవు."

"మరి నన్నేం చెయ్యమంటారు?" అన్నాడాయన.

"మీరేం చెయ్యక్కర్లేదు. నేను చెప్పిన చోట సంతకం పెట్టండి చాలు."

ఆ సంతకాలన్నీ పూర్తి కావడానికి ఏడాదిన్నర పట్టింది. ఈలోగా ఆమె ఊరి నడుమ ఒక చిన్న వీధిలో ఇల్లు చూసుకుంది. అటు ఆరు, ఇటు ఐదు, మొత్తం పదకొండు ఇళ్ల వీధి. చివర గోడ అడ్డం, అవతలికి దారి లేదు కనుక బళ్ల రద్దీ ఉండదు. నాలుగు పడక గదులు, పొడుగాటి వంటగది, వెనక బట్టలారేసుకునే జాగా. తాను ఒక గదిలో, ఆ ఆరుగురు మిగతా మూడు గదుల్లో. మంచాలు, అలమరాలు, పరదాలు అన్నీ తనే ఎంచి తెచ్చింది. గేటు మీద బోర్డు కూడా పెట్టించింది, పెద్ద అక్షరాలతో: 'సంరక్షణ గృహం'.

ఆ ఆరుగురిలో ముగ్గురి సంగతి ఇక్కడ చెప్పాలి. మొదటి ఆమె పూర్వం చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పేది. ఇప్పటికీ ఎవరైనా తప్పు మాట పలికితే ఊరుకోదు. ఆమె టీచరమ్మ. రెండో ఆమెకు నోట్లో నువ్వుగింజ నానదు. నిద్ర లేచింది మొదలు ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది, వినేవాళ్లున్నా లేకున్నా. ఆమె రేడియో. మూడో ఆమె ఏ పని చేసినా గడియారం ఆగిపోయిందా అనిపిస్తుంది. చొక్కా మడత పెట్టడానికి పావుగంట. ఆమె నిదానం. ఈ పేర్లు వార్డులో పెట్టినవి. పెట్టించుకున్నవాళ్లు ఏమనుకున్నారో ఎవరూ అడగలేదు.

ఇల్లు బ్రహ్మాండంగా నడిచింది. పొద్దున ఆరింటికి మేట్రనమ్మ వరండాలో వేలాడదీసిన ఇత్తడి గంట కొట్టేది. లేవడానికి ఒక గంట, ఫలహారానికి ఒకటి, భోజనానికి ఒకటి, సాయంత్రం టీకి ఒకటి, రాత్రి మాత్రలకు ఒకటి. వంటగది గోడ మీద వారం మొత్తానికి ఏ పూట ఏం వండాలో పట్టిక. వంట తనే చేసేది. కప్పుల మీద ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు. వంటగది తాళంచెవి తన నడుముకి. పద్దెనిమిది నెలల్లో ఆరుగురిలో ఒక్కరికి కూడా జబ్బు తిరగబెట్టలేదు. ఆస్పత్రి నుంచి పెద్దవాళ్లు వచ్చి చూసి మెచ్చుకుని, ఫొటోలు తీసుకుని వెళ్లారు. మేట్రనమ్మ భుజాలు అప్పుడు కొంచెం పైకి లేచే ఉన్నాయి.

ఆ తర్వాతి నెలలో పురపాలక కార్యాలయం నుంచి నోటీసు వచ్చింది.

వీధిలోని పదకొండు ఇళ్లలో తొమ్మిది ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టి ఫిర్యాదు ఇచ్చారట. నివాస ప్రాంతంలో ఆస్పత్రి లాంటిది నడుస్తోంది, ఆపించండి అని. మొదటి సంతకం పక్కింటి గడియారాల మేస్త్రిది. కంటికి భూతద్దం తగిలించుకుని కిటికీ పక్కన బల్ల దగ్గర కూర్చుని వాచీలు బాగుచేస్తాడు. ఆయన బల్లకీ మేట్రనమ్మ వరండాకీ మధ్య ఒక పిట్టగోడ, అంతే.

మేట్రనమ్మ నోటీసు చేత్తో పట్టుకుని నేరుగా పిట్టగోడ దగ్గరికి వెళ్లింది.

"ఏమండీ, మావాళ్లు మిమ్మల్ని ఏమన్నారు?"

ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "ఏమీ అనలేదమ్మా. ఒకావిడ మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈ గోడ దగ్గర నిలబడి నాకు కబుర్లు చెబుతుంది. అది నేను ఓర్చుకుంటాను. మా ఇంటావిడ కంటే నయమే. నా బాధ ఆ గంట."

"గంటేం చేసింది?"

"రోజుకి ఐదుసార్లు. ఆ దెబ్బకి నా చేతిలో ముల్లు ఎగిరి పడుతుంది. పైగా అది ఏ రోజు చూసినా నాలుగు నిమిషాలు ముందే ఉంటుంది."

మేట్రనమ్మకు ఒళ్లు మండింది. "ఒక గంట కోసం ఆరుగురిని రోడ్డున పడేస్తారా?"

"గంట కోసం కాదు," అన్నాడాయన, కొంచెం మొహమాటంగా. "ఎవరైనా మా ఇంటికొస్తే పక్కన ఏంటండీ అని అడుగుతారు. బోర్డు ఉంది కదా. మొన్న అంబులెన్సు వచ్చింది. ఆస్పత్రి పక్కన ఉంటామని మేమెవరం ఇళ్లు కట్టుకోలేదమ్మా. ఇది ఇల్లయితే నాకేం అభ్యంతరం లేదు. ఇల్లు కాదు గదా."

అంబులెన్సు వచ్చింది ఒకామె కాలు బెణికినందుకు. ఆ మాట చెబుదామనుకుంది మేట్రనమ్మ. కానీ "ఇల్లు కాదు గదా" అన్న మాటే గుచ్చుకుంది. నోటీసు మడిచి వెనక్కి తిరిగింది.

వారం తిరక్కుండా ప్లానింగు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సన్నటి మనిషి, చెవి మీద పెన్సిలు, చేతిలో ఫైలు. గొంతు పెంచడు, తొందరపడడు. గదులు లెక్కపెట్టాడు. మనుషుల్ని లెక్కపెట్టాడు. వంటగదిలోకి వెళ్లి గోడ మీద పట్టిక చాలాసేపు చదివాడు. తర్వాత భోజనాల బల్ల దగ్గర కూర్చున్న ఆరుగురినీ చూసి మామూలుగా అడిగాడు.

"ఇవాళ కూర ఏంటమ్మా?"

"బంగాళాదుంప," అంది టీచరమ్మ.

"ఎవరు అనుకున్నారు, ఇవాళ అది వండుదామని?"

ఎవరూ మాట్లాడలేదు. రేడియో కూడా. "ఇవాళ గురువారం కదండీ," అంది టీచరమ్మ. "గురువారానికి పట్టికలో అదే ఉంటుంది."

"మీకు ఇష్టమేనా?"

టీచరమ్మ మేట్రనమ్మ వైపు చూసింది. ఆ చూపు ఇన్‌స్పెక్టరు చూడకపోలేదు. కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

"వంటగది తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గరే," అంది మేట్రనమ్మ. "నిప్పు, కత్తులు ఉంటాయి. బాధ్యత నాది."

"అంతేనమ్మా," అన్నాడు ఆయన, తప్పు పట్టినట్టు కాదు, అర్థమైనట్టు. నెల గడువు ఇచ్చి వెళ్లిపోయాడు. నెల తర్వాత కమిటీ ముందు విచారణ.

మర్నాడు మేట్రనమ్మ ఆఫీసుకి వెళ్లింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఏ ఆఫీసులోనూ ఆమె వరసలో నిలబడి ఎరగదు. ఆ రోజు నిలబడింది. ఇన్‌స్పెక్టరు కుర్చీ చూపించి, గోడకున్న పెద్ద పటం దగ్గరికి తీసుకెళ్లాడు. పసుపు రంగు వేసినదంతా నివాస ప్రాంతం.

"చూడండమ్మా. ఇక్కడ సంరక్షణ గృహం పెట్టాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. ఒకటి ఉన్నచోట మూడు వందల మీటర్లలోపు ఇంకోటి ఇవ్వం. మీ వెనక రెండో వీధిలో వృద్ధాశ్రమం ఉంది. కొలిపించాను, రెండు వందల అరవై."

"నడిచి వెళ్తే నాలుగు వందలు దాటుతుంది. మా వీధికి అవతలికి దారి లేదు."

"మేం పటం మీద స్కేలు పెట్టి కొలుస్తాం."

"మావాళ్లు గోడలు దూకరు బాబూ, రోడ్డు మీదే నడుస్తారు."

ఆయన నవ్వాడు గానీ రూలు నవ్వలేదు. అనుమతి దారి మూసుకుపోయింది. మేట్రనమ్మ లేచి నిలబడింది. అప్పుడాయన రూల్సు పుస్తకం తెరిచి ఆమె ముందుకి తిప్పి, ఒక పేరా మీద పెన్సిలు మొన పెట్టాడు.

"ఇంకో దారి ఉంది. ఇది చదవండి."

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. రక్తసంబంధం లేకపోయినా ఆరుగురికి మించకుండా ఒకే ఇంట్లో, ఒకే వంటతో, తమ ఇంటి వ్యవహారాలు తామే నిర్ణయించుకుంటూ కలిసి జీవించేవారిని ఒకే కుటుంబంగా పరిగణించవలెను. అలాంటి ఇంటికి ఏ అనుమతీ అవసరం లేదు.

"ఆరుగురు," అంది మేట్రనమ్మ.

"మీతో కలిపి ఏడుగురు ఉన్నారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "దానికంటే ముందు ఇంకోటి చూడండి. తమ వ్యవహారాలు తామే. నేను నిన్న చూసిందాంట్లో వ్యవహారం అంతా ఒక్కరిదే. నేను అబద్ధం రాయలేనమ్మా."

ఇంటికి తిరిగి వచ్చే బస్సులో ఆమెకు కిటికీ పక్కన సీటు దొరికింది. బయట ఏముందో ఒక్కటీ చూడలేదు. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. మేస్త్రి మీద తెచ్చుకుందామంటే ఆయన అన్నదే పుస్తకంలోనూ ఉంది. ఇన్‌స్పెక్టరు మీద తెచ్చుకుందామంటే దారి చూపించినవాడు ఆయనే. గంట, అంకెల కప్పులు, తాళంచెవి, పట్టిక. వార్డు వదిలి రావడానికి ఏడాదిన్నర సంతకాలు పెట్టించింది. తీరా చూస్తే వార్డుని మూటగట్టుకుని తన వెంటే తెచ్చుకుంది. ఆ మాట లోపల ఎవరో అన్నట్టు వినిపించి, దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

వెనక్కి నడిచి వచ్చేసరికి వరండాలో నిదానం కూర్చుని ఉంది. ఒళ్లో దిండు గలీబు. అందులో బట్టలు, దువ్వెన, ఒక జత చెప్పులు కుక్కి, మూతి ముడి వేసి ఉంది.

"ఎక్కడికే?" అంది మేట్రనమ్మ.

నిదానం ఎప్పటిలాగే ఒక్కో మాటా వెతుక్కుని చెప్పింది. "ఆయన లెక్కపెట్టడం చూశాను. ఆరుగురే ఉండాలని ఆయన వీధిలో ఎవరితోనో అంటుంటే రేడియో విందట. అందరికంటే ఆఖర్న వచ్చినదాన్ని నేను. అందుకని నేనే వెళ్తాను. బస్సు నంబరు తెలుసు."

ఆ ముడి వెయ్యడానికి ఆమెకు ఎంతసేపు పట్టి ఉంటుందో మేట్రనమ్మకు తెలుసు. పక్కనే మెట్టు మీద కూలబడింది. ఎన్నో చావులు చూసిన మనిషి, ఎవరి ముందూ కంటతడి పెట్టని మనిషి, ఆ ముడి విప్పుతూ ముక్కు తుడుచుకుంది.

"నువ్వెక్కడికీ వెళ్లవు. ఎక్కువైంది నువ్వు కాదు."

ఆ సాయంత్రం గంట కొట్టలేదు. అందరినీ తనే వెళ్లి పిలిచి బల్ల దగ్గర కూర్చోబెట్టి, నోటీసు, రూలు, ఇన్‌స్పెక్టరు అన్న మాట, ఏదీ దాచకుండా చెప్పింది. చివర్న అంది: "ఇంట్లో ఆరుగురే ఉండాలి. అది మీరు ఆరుగురు. నేను మెల్లగా మా చెల్లెలింటికి మారిపోతాను. నెల రోజులుంది. ఈలోగా ఈ ఇల్లు మీరు నడపగలరో లేదో చూద్దాం."

టీచరమ్మ గొంతు సవరించుకుంది. "చూద్దాం అంటే, సిస్టర్, చూసేది ఎవరు? మీరా, మేమా?"

"మీరే," అంది మేట్రనమ్మ.

చెల్లెలికి ఫోన్ చేస్తే ఆమె పడీపడీ నవ్వింది. "రా అక్కా, రా. కానీ ముందే చెబుతున్నా, మా ఇంట్లో గంట కొడితే మా ఆయన సన్యాసంలో కలిసిపోతాడు."

"నోర్ముయ్యవే."

"మూస్తాను. నువ్వూ మూసుకోగలవా, వాళ్లు అన్నం మాడుస్తుంటే? అది చెప్పు."

చెల్లెలు ఊరికే అనలేదు. మొదటి వారం అన్నం రెండుసార్లు మాడింది, ఒకసారి గంజి అయింది. పట్టిక చింపేశాక మూడు రోజులు వరసగా గుడ్లే తిన్నారు, ఎందుకంటే ఏం వండాలన్నది తేల్చుకోలేక చివరికి అందరూ ఒప్పుకున్నది అదొక్కటే. కొట్టుకి వెళ్లిన రేడియో ఉల్లిపాయలు మర్చిపోయి, కొట్టతని అత్తగారి మోకాళ్ల నొప్పి సంగతి మొత్తం తెలుసుకుని వచ్చింది. ఇద్దరు స్నానాల గది దగ్గర పోట్లాడుకుని ఒక పూట మాట్లాడుకోలేదు. మేట్రనమ్మ పొద్దున తన గదిలోంచి వచ్చి వంటగది గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది. ముందు పెట్టుకుంటే అవి ఊరుకోవని ఆమెకు తెలుసు.

రెండో వారంలో ఆమె ఎదురుచూడనిది ఒకటి జరిగింది. పడుకునే ముందు ఇల్లంతా చూసుకునే పని ఎవరిదని ప్రశ్న వచ్చింది. నిదానం చెయ్యి ఎత్తింది. మిగతావాళ్లు మొహాలు చూసుకున్నారు. ఆ మర్నాడు పొద్దున టీచరమ్మ చెప్పిన మాట ఇది: "సిస్టర్, ఆమె గ్యాసు పొయ్యి మూడుసార్లు చూస్తుంది. ప్రతి గడియా చేత్తో తడుముతుంది. అందరి మాత్రల డబ్బీలూ తెరిచి, వేసుకున్నారో లేదో మొహం మీదే అడుగుతుంది. ముప్పావుగంట పడుతుంది. కానీ ఆమె చూశాక ఇక ఎవరూ చూడక్కర్లేదు."

వార్డులో పన్నెండేళ్లు నిదానాన్ని "త్వరగా కానియ్యి" అంటూనే గడిపింది మేట్రనమ్మ. నిదానమే ప్రధానం అన్న సామెత తెలియక కాదు. పక్కనే మంచం మీద కూర్చుని ఉంటే కనబడలేదు.

కప్పుల మీద అంకెలు టీచరమ్మ సబ్బు నీళ్లతో రుద్ది చెరిపేసింది. వంటగది తాళం గోడ మేకుకి ఎక్కింది. గేటు మీది బోర్డు మేట్రనమ్మే స్వయంగా స్క్రూలు విప్పి దించింది. ఇరవయ్యో రోజున ఆమె పెట్టె సర్దుకుని చెల్లెలింటికి మారిపోయింది. మొదటి మూడు రోజులు అక్కడ తెల్లారకముందే లేచి, ఏం చెయ్యాలో తోచక, చెల్లెలి అలమరాలో తువ్వాళ్లన్నీ కొలతల వారీగా సర్దింది. నాలుగో రోజు చెల్లెలు తువ్వాళ్ల అలమరాకి తాళం వేసింది.

విచారణకి రెండు రోజుల ముందు ఇన్‌స్పెక్టరు చెప్పకుండా వచ్చాడు. మేట్రనమ్మ అక్కడ లేదు. తర్వాత రేడియో చెబితే విన్నది. ఆయన గుమ్మంలో నిలబడి, పోయినసారి అడిగిన ప్రశ్నే అడిగాడట: ఇవాళ కూర ఏంటమ్మా అని. ముగ్గురు ఒకేసారి మూడు జవాబులు చెప్పారట. అక్కడ మొదలైన తగువు ఆయన ఫైలు తెరిచి, ఇల్లంతా చూసి, మూసి, బయల్దేరే దాకా తెగలేదట. ఆయన నవ్వు ఆపుకుంటూ, "మా ఇంట్లోనూ ఇంతే," అని వెళ్లిపోయాడట.

విచారణ గది పొడుగ్గా, ఎత్తుగా ఉంది. ముందు బల్ల వెనక ముగ్గురు సభ్యులు; మధ్యలో అధ్యక్షురాలు, తలంతా తెల్లబడ్డ లాయరు. ఒక పక్క గడియారాల మేస్త్రి, ఆయన వెనక వీధివాళ్లు నలుగురు. ఇంకో పక్క మేట్రనమ్మ, ఆమె వెనక ఆరుగురూ. ఇన్‌స్పెక్టరు తన నివేదిక చదివాడు. ఇంట్లో ఆరుగురు ఉంటున్నారు, ఒకే వంట, తాళాలు లేవు, బోర్డు లేదు, నిర్ణయాలు వాళ్లే తీసుకుంటున్నారు, నిర్ణయాల మీద పోట్లాడుకుంటున్నారు కూడా. మేట్రనమ్మ వేరేచోట నివాసం, వారానికోసారి చూడటానికి వస్తారు.

"మీరేమంటారు?" అని అధ్యక్షురాలు మేస్త్రిని అడిగింది.

ఆయన లేచాడు. "గంట పోయిందండీ. బోర్డూ పోయింది. ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. ఒక్కటే నా భయం. ఇదివరకు ఈ నర్సమ్మగారు ఉండేవారు. ఇప్పుడు ఆవిడ కూడా లేరు. వీళ్లలో ఎవరికైనా ఏదైనా అయితే, పెద్దదిక్కు లేకుండా, వీళ్లు ఎవరిని పిలుస్తారు?"

న్యాయమైన ప్రశ్న. మేట్రనమ్మ జవాబు సిద్ధం చేసుకునే వచ్చింది: ఆస్పత్రి నంబరు, తన నంబరు, ఎంతసేపట్లో రాగలదో. లేవబోయింది. అంతలో వెనకనుంచి రేడియో లేచి నిలబడింది. లేవబోయిన మేట్రనమ్మ మళ్లీ కూర్చుండిపోయింది. ఇక ఈమె మొదలుపెడితే సాయంత్రమే.

"మిమ్మల్నే పిలుస్తాం అన్నయ్యా," అంది రేడియో. "పక్కనే ఉన్నారు కదా. మీకేమైనా అయితే మమ్మల్ని పిలవండి. మేం ఆరుగురం ఉన్నాం, మీ ఇంట్లో ఇద్దరే."

అని కూర్చుంది. ఆమె జీవితంలో అంత తక్కువ మాట్లాడిన రోజు లేదు.

ఎవరో నవ్వబోయి ఆగారు. "నేను అడగాల్సింది అడిగానండీ," అని మేస్త్రి అధ్యక్షురాలికి చెప్పి కూర్చున్నాడు.

నిర్ణయం ఆ మధ్యాహ్నమే వచ్చింది. అది ఆరుగురి ఇల్లు, ఒక కుటుంబం, అనుమతి అవసరం లేదు. ఆరు నెలల తర్వాత ఇన్‌స్పెక్టరు మరొక్కసారి చూసి ఫైలు మూసేస్తాడు. బయట మెట్ల మీద మేస్త్రి నిదానం దగ్గరికి వచ్చి, మొహం చూడకుండా, తన ఫోన్ నంబరు రాసిన చీటీ ఒకటి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. వీధి మొత్తం ఒక్కరోజులో మారిపోయిందని చెప్పలేం. చివరి ఇంటివాళ్లు ఇప్పటికీ వాళ్లు ఎదురొస్తే అవతలి పక్కకి మారి నడుస్తారు. మేస్త్రి మాత్రం, గోడ దగ్గర మాటామాటా అనుకున్న రోజు నుంచి మూసి ఉంచిన కిటికీ మళ్లీ తెరిచాడు.

చెప్పినట్టే ఆరు నెలలకి ఫైలు మూసేశారు. ఆ మరుసటి ఏడు ఆస్పత్రివాళ్లు మగవాళ్ల కోసం ఇంకో వీధిలో అలాంటి ఇల్లే పెడుతూ, సలహా కోసం మేట్రనమ్మను పిలిచారు. ఆ ఇల్లు చూసుకోబోయే నర్సు కొత్త పుస్తకం, పెన్ను పట్టుకుని కూర్చుంది. మంచాలు ఎన్ని, గదికి ఎందరు, ఏ పూటకి ఏం పెట్టాలి అని ప్రశ్నలు రాసుకుని వచ్చింది.

"అవన్నీ వాళ్లని అడుగు తల్లీ," అంది మేట్రనమ్మ. "ముందు నువ్వు ఎక్కడుంటావో అది తేల్చుకో. నాకు ఇంట గెలవడానికి ఇంట్లోంచి బయటికి రావాల్సి వచ్చింది."

చెల్లెలు ఈ మాట విని, అక్క నోట అలాంటిది వస్తుందని ముందే ఎవరైనా చెప్పి ఉంటే రాదని పందెం కాసేదాన్నంది.

ఇప్పుడు మేట్రనమ్మ ఆదివారాలు ఆ ఇంటికి వెళ్తుంది. ముందురోజు ఫోన్ చేసి అడుగుతుంది, రావచ్చా అని. ఒకటి రెండుసార్లు "ఈ వారం కుదరదు సిస్టర్" అన్నారు కూడా. మొదటిసారి అలా అన్నప్పుడు ఫోన్ పెట్టేసి చాలాసేపు అలాగే కూర్చుంది. రెండోసారి వెళ్లి సినిమా చూసి వచ్చింది.

మొన్న వెళ్లేసరికి ముందుగది సామానంతా మధ్యకి లాగి, దుప్పట్లు కప్పి ఉంది. ఆరుగురూ గోడలకి రంగు వేస్తున్నారు. టీచరమ్మ స్టూలు ఎక్కి పై అంచు వేస్తోంది. రేడియో కింద నిలబడి ఎలా వెయ్యాలో చెబుతోంది. నిదానం ఒక మూల జానెడు గోడని అద్దంలా దిద్దుతోంది; ఆ లెక్కన వచ్చే నెలకి ఆ మూల పూర్తవుతుంది. రంగు గాఢమైన చిలకపచ్చ. అంత పచ్చదనం మేట్రనమ్మ గోడ మీద ఎన్నడూ చూడలేదు. కళ్లు జిగేల్మన్నాయి.

ఈ రంగు వద్దు, మధ్యాహ్నం ఎండ పడితే గదిలో కూర్చోలేరు, లేత గోధుమ రంగయితే మరకలు కనబడవు. అన్నీ వరసగా నాలుక చివరికి వచ్చేశాయి.

ఎవరూ ఆమెను అడగలేదు. "సిస్టర్, అక్కడ తడి ఉంది, ఇటు కూర్చోండి," అని ఎవరో ఒక కుర్చీ మీది దుప్పటి తీశారు. ఇంకొకరు టీ తెచ్చి చేతికిచ్చారు. ఆమె కూర్చుని, ఒక గుక్క తాగింది. పంచదార ఎక్కువైంది.

"బాగుందా?" అంది టీచరమ్మ స్టూలు మీంచి వెనక్కి తిరిగి.

టీ గురించో, రంగు గురించో తెలియలేదు.

"బాగుంది," అంది మేట్రనమ్మ, రెండింటికీ కలిపి.